కుడివైపు సీటు

అక్క దగ్గరున్న పాత సీటు తెచ్చుకోవాలంటే ఒక కొత్త కుర్చీ ఇస్తే చాలనుకున్నాడు జానీ. మామూలు కుర్చీ కూడా కాదు. పక్కనున్న పిడి గుంజితే కాళ్ల కింద పలక లేచి, వీపు వెనక్కి వాలి, కూర్చున్న మనిషిని అమాంతం పడుకోబెట్టే కుర్చీ. నల్లగొండ దుకాణంలో వద్దంటున్నా వినకుండా చెప్పులు విప్పి, అందులో పడుకొని, కాసేపు కళ్లు మూసుకొని, నచ్చాకే కొన్నాడు. గురువారం మధ్యాహ్నం కాలేజీలో సెలవు చెప్పి, దాన్ని ట్రాలీ ఆటో ఎక్కించి భువనగిరి బయలుదేరాడు. దారిపొడుగునా వెనక్కి తిరిగి కుర్చీకి కట్టిన తాడు చూసుకోవడం, అక్క మొహంలో రాబోయే సంబరాన్ని తలుచుకొని మురిసిపోవడం, ఇదే పని.

మెర్సీ ఇల్లు భువనగిరి గుట్ట నీడ పడే గల్లీలో ఉంది. అంగన్‌వాడీలో ఆయా పని ఆమెది. పిల్లలు వెళ్లిపోయాక గంజులు తోమి, చాపలు దులిపి, తాళం వేసి ఇల్లు చేరేసరికి పొద్దు గుట్ట అవతలికి దిగుతుంది. జానీ వెళ్లేసరికి అప్పుడే వచ్చినట్టుంది, ఒళ్లో చాట పెట్టుకొని బియ్యం ఏరుతోంది. కూర్చున్నది ఆ సీట్లోనే.

ముదురు ఎరుపు రెక్సిన్ సీటు అది. వడ్లాయన చేసిన చెక్క చట్రం మీద బోల్టులతో బిగించి, గోడవారగా పెట్టి ఉంటుంది. ఒక పక్క చిరిగితే మెర్సీయే లావు దారంతో కుట్టుకుంది. ఇంట్లో మంచం ఉంది, రెండు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి, ఎవరొచ్చినా వాటి మీదే. ఈ సీటు మీద పక్కింటి పిల్లలు సరదాకు ఎక్కినా సరే, రెక్క పట్టుకొని దింపేస్తుంది.

ట్రాలీ డ్రైవరూ జానీ చెరో పక్క పట్టుకొని కుర్చీని లోపలికి తెచ్చేసరికి మెర్సీ చాట కింద పెట్టి నోరు తెరిచింది.

"గిదేందిరా, దుకాణం పెట్టబోతున్నవా?"

"నీకే అక్కా. కూసో. గా పిడి గుంజు, సూడు."

మెర్సీ కూర్చోకుండానే పిడి గుంజింది. పలక ఎగిరి లేచి చాటకు తగిలింది. బియ్యం ఇల్లంతా చల్లుకున్నాయి.

"నా బియ్యం పోసినవ్ గదరా!" అంటూనే ఆమె నవ్వింది. "పొద్దంతా పిల్లల ముడ్లు కడిగి వస్త. గిట్ల కాళ్లు చాపి పంటే నేను మల్ల లేస్తనా? వండేదెవలు?"

ఇద్దరూ కింద కూర్చొని గింజలు ఎత్తారు. ఎత్తుతూ ఎత్తుతూ జానీ అసలు సంగతిలోకి దిగాడు.

"అక్కా, ఆదివారం నల్లగొండల మిషన్ దవాఖాన పండుగ. డెబ్బయి అయిదేండ్లయిందట. ఊరేగింపుల డాక్టరమ్మ కారు ముందల నడవాలె అన్నడు పాస్టరు. అంతా తయారైంది. రంగేసినం, ఇంజను పాట పాడినట్టు నడుస్తాంది. గీ ఒక్క సీటే తక్కువున్నది. నీకు కొత్త కుర్సీ తెచ్చిన గద, ఇది నాకియ్యి."

మెర్సీ చేయి ఆగింది. "ఇయ్య," అంది.

"ఒక్క ఆదివారానికి..."

"ఒక్క గడియకు గూడ ఇయ్య. అది నాది."

"ఎవలు కాదన్నరు? గని కారు నాయినది గదక్కా! నాయిన పేరు నిలవడ్తది. అన్న సుత ఇంజను ఇచ్చిండు, ఒక్క మాట అనకుంట. నువ్వు ఒక్క కుర్సీ కాడ గింత పట్టువడ్తవా?"

"నాకు సీటొక్కటే వచ్చింది జానీ. వచ్చింది గాదు, నేనడిగి తీసుకున్న. పంపకాల నాడు పెద్దమనుషులందరు నవ్విన్రు. నువ్వు సుత నవ్వినవ్."

జానీకి అలాంటిదేదీ గుర్తు లేదు. నవ్వి ఉంటే ఉండవచ్చు, కారులో ఒక సీటు అడిగితే ఎవరికైనా నవ్వు రాదా? ఆ మాట పైకి అనలేదు గాని మొహంలో కనిపించినట్టుంది.

"ట్రాలీ ఆయన పోకముందే దాన్ని ఎక్కియ్యి," అని మెర్సీ చాట తీసుకొని లోపలికి వెళ్లింది.

పాపం జానీ! తిరుగు ప్రయాణంలో ట్రాలీ డ్రైవరు తన బామ్మర్దిని ముందు ఎక్కించుకున్నాడు. మిగిలిన జాగా వెనకాల కుర్చీయే. నల్లగొండ దాకా అందులోనే వచ్చాడు. రామన్నపేట దగ్గర బస్సులో కిటికీ పక్క కూర్చున్న ఆడవాళ్లు వేలు పెట్టి చూపించి నవ్వారు. అవమానం కంటే కోపం ఎక్కువైంది. ఏం అక్క ఇది, తోడబుట్టిన తమ్ముడి కోసం పాత కుర్చీ ఒకటి ఇవ్వలేదా అని లోపల్లోపలే రగిలిపోయాడు.

శుక్రవారం సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా మెకానిక్ ఖమర్ భాయ్ షెడ్డుకు వెళ్లాడు. కారును చూడగానే కోపం సగం దిగిపోయింది. అది ఎప్పుడూ అంతే.

ఆ కారు బీఎండబ్ల్యూ. బీఎండబ్ల్యూ అంటే ఇప్పుడు రోడ్డు మీద కనిపించే పెద్ద పెద్ద బండ్లు కావు. ఇది జానీ పుట్టకముందు జర్మనీలో తయారైన కారు. నాలుగు తలుపులు, సన్నటి స్తంభాలు, చుట్టూ అద్దాలు, వెనక కిటికీ చివర చిన్న మెలిక. బానెట్ అన్ని కార్లలా వెనక నుంచి కాక ముందు వైపుకు తెరుచుకుంటుంది. ముందు జాలీ నడుమ రెండు చిక్కుడు గింజల ఆకారంలో వెండి రంగు చట్రాలుంటాయి. వాటిని చూసి దవాఖాన కాంపౌండరు దీనికి కిడ్నీల కారు అని పేరు పెట్టాడు. రోగులు కూడా అలాగే పిలిచేవాళ్లు. దవాఖానలో పనిచేసిన విదేశీ డాక్టరమ్మ జర్మనీ నుంచి దీన్ని ఓడ మీద తెప్పించుకుంది. స్వదేశం పోయేటప్పుడు, ఇన్నేళ్లూ తన పక్కన తిరిగిన జానీ నాయిన ఇస్రాయేలు చేతిలో తాళంచెవి పెట్టిపోయింది. ఆ తర్వాత ఆయనే దాంట్లో రోగులను పట్నం చేర్చేవాడు.

ఇస్రాయేలు పోయాక కొడుకులిద్దరూ కారును కూడా పొలం పంచుకున్నట్టే పంచుకున్నారు. ఎవరికీ అన్యాయం జరగకూడదని పెద్దమనుషులు అలా తీర్మానం చేశారు మరి! పెద్దవాడు దశరథ్ ఇంజను విప్పుకొని హుజూర్‌నగర్ పొలానికి తీసుకుపోయి, దాంతో కాలువ నీళ్లు తోడాడు. ఆ శబ్దం విని చుట్టుపక్కల రైతులు జర్మనీ మోటరు మొదలైందిరో అనేవారట. రాష్ట్రం వచ్చాక పొలానికి పగలూ రాత్రీ కరెంటు వచ్చింది, ఇంజను కొట్టంలో గడ్డి కిందకు చేరింది. బాడీ జానీ వాటా. పెరట్లో పడున్న దాంట్లో కోళ్లు పొదిగాయి, పిల్లి ఈనింది. ఒకనాడు దాని తలుపు తీసి వేయబోతే, టప్ అని అదే మెత్తటి చప్పుడు, చిన్నప్పుడు విన్నదే. ఆ చప్పుడు జానీని పట్టుకుంది. అప్పటి నుంచి ఇదే పిచ్చి. బోల్టు దొరికితే పండుగ, జర్మనీ నుంచి రబ్బరు ముక్క పోస్టులో వస్తే ఇంకా పెద్ద పండుగ.

ఖమర్ భాయ్ పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. కార్బ్యురేటర్ మీద చిన్న మరను వెంట్రుకవాసి తిప్పాడు. ఇంజను గొంతు కుదుటపడింది.

"సునో జానీ భాయ్, ఏమంటాంది?"

"మంచిగంటాంది," అన్నాడు జానీ. కళ్లు చెమ్మగిల్లాయి. సరిగ్గా ఈ చప్పుడే దవాఖాన గేటు దగ్గర వినిపించేది. నాయిన ఖాకీ చొక్కా చేతులు మడిచి, పొద్దున్నే అద్దాల మీది మంచు తుడిచేవాడు. పెట్రోలు వాసన, రెక్సిన్ వాసన, దాంతోపాటు దవాఖాన ఫినాయిలు వాసన. రోగులు దిగాక వెనక సీటంతా తనది. ఎక్కగానే నిద్ర వచ్చేది. లోకంలో అంత సుఖమైన నిద్ర మళ్లీ ఎక్కడా రాలేదు.

"మీ అక్క ఇయ్యదా ఇగ?" అడిగాడు ఖమర్.

"ఇయ్యదట."

"అరె, నా కాడ వ్యాను సీటున్నది. బిగిస్త. ఊరేగింపుల ఎవడు సూస్తడు?"

"నేను సూస్త గద భాయ్." జానీ ఆ ఖాళీ జాగా వైపు చూశాడు. ఎడమ వైపు స్టీరింగు, దాని వెనక డ్రైవరు సీటు, కుడి వైపు ఉట్టి రేకు. అన్నీ కుదిరిన మొహంలో ఒక పన్ను లేనట్టుంది.

శనివారం పొద్దున ఇద్దరూ ఆఖరి పరీక్షకు బయలుదేరారు. అప్పటిదాకా జానీ ఆ కారును తెల్లారగట్ల ఖాళీ రోడ్డు మీదే నడిపాడు, అదీ ఊరి చుట్టూ. ఈసారి మిర్యాలగూడ రోడ్డెక్కాడు. కుడి పక్క సీటు లేదు కాబట్టి ఖమర్ వెనకాల కూర్చున్నాడు, పక్కన పానాల డబ్బా, డ్రైవరు సీటుకు మోకాళ్లు ఆనించి. ఇంజను వేడెక్కింది. గేర్లు ఒకదాని వెంట ఒకటి వెన్నలా పడుతున్నాయి. జానీ గుండె ఉప్పొంగిపోయింది.

ముందు ఒక డీసీఎం వ్యాను కోళ్ల బుట్టలతో నెమ్మదిగా పోతోంది. కారు దాటేసేంత ఊపులో ఉంది. జానీ మెడ చాచాడు. స్టీరింగు ఎడమ పక్కన కదా, అతని కంటికి వ్యాను వెనక తలుపు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. కొంచెం కుడికి జరిపాడు. ఇప్పుడూ వ్యానే. ఇంకొంచెం జరిపాడు. బండి సగం అవతలి వైపుకు వచ్చాక గాని ఎదురుగా బస్సు కనబడలేదు. బస్సు అద్దం నిండా ఎండ. ఖమర్ "యా అల్లా!" అని అరిచాడు. జానీ బ్రేకు మీద నిలబడినంత పని చేసి, స్టీరింగు ఎడమకు తిప్పేశాడు. బస్సు హారను మోగించుకుంటూ పక్క నుంచి దూసుకుపోయింది. వెనక పానాల డబ్బా బోర్లా పడింది.

జానీ కారును రోడ్డు కిందికి దింపి ఇంజను ఆపేశాడు. ఖమర్ దిగి, వంగి, కింద పడిన పానాలు ఏరాడు.

"అద్దంల వెనకది కనవడ్తది, ముందలిది ఎట్ల కనవడ్తది?" అన్నాడు చివరికి. "జానీ భాయ్, ఒక మాట చెప్పు. మీ నాయిన గీ బండిని హైదరాబాదు తోలేటోడు, బెజవాడ తోలేటోడు. రోడ్డు నిండ లారీలు. ఎట్ల దాటిండు?"

జానీ తల తిప్పి వెనక్కి చూశాడు. వెనక సీటు మీద పడుకున్న పిల్లవాడి చెవిలో వినపడేది ఒక గొంతు. ఇంజను చప్పుడు మీదుగా, సగం నిద్రలో, దారిపొడుగునా. ఆగు నాయినా. ఆగు. లారీ ఉన్నది. ఇంకోటి సుత ఉన్నది. ఆగు. ఇగ పో నాయినా, పో పో పో. ఎన్నేళ్లు విన్నాడో ఆ గొంతును! అక్క నాయినతో కబుర్లు చెబుతోందనుకునేవాడు. తన వంతు రాదా, ముందు కూర్చోనీయరా అని అలిగేవాడు కూడా.

"మా అక్క దాటిపిచ్చింది భాయ్," అన్నాడు.

ఆ సాయంత్రం భువనగిరి బస్సులో ఉత్త చేతులతో వెళ్లాడు. మెర్సీ వాకిట్లో చలిమంట దగ్గర ఉడుకునీళ్లు కాచుకుంటోంది. తమ్ముణ్ని చూసి మొహం గంటు పెట్టుకుంది.

"ఇయ్యనని చెప్పిన గదరా."

"సీటు కోసం రాలే అక్కా. పొద్దుగాల్ల బస్సు కింద పడేటోన్ని."

మెర్సీ లేచి నిలబడింది. అతని చేతులు, మొహం తడిమి చూసింది. "దేన్నన్న దాటబోయినవా?" అని అడిగింది వెంటనే.

"డీసీఎంను."

"కుడిదిక్కు ఎవ్వలు లేకుంటనే?" పళ్లు పటపట కొరికింది. "నీకు పిచ్చి గిట్ల లేసిందా? డాక్టరమ్మ గూడ గట్ల తోలలే. ఆమె తోలితే నాయిన గా సీట్ల కూసొని చెప్పేటోడు. ఆమె పోయినంక నాయిన తోలిండు, నేను చెప్పిన. గది ఒక్కలు నడిపే బండి కాదురా."

"నేను నువ్వు నాయినతోని ముచ్చట పెడుతున్నవనుకున్న."

"ముచ్చటనా!" ఆమె పెద్దగా నవ్వింది. నవ్వు సగంలోనే ఆగింది. కట్టె ఒకటి మంటలోకి జరిపింది.

"నువ్వు సిన్నోనివి, నీకు తెల్వది. అన్న హాస్టల్ల ఉండె. అమ్మకు సూపు ఆనకపాయె. ఇగ నేనే. నా పదో తరగతి లెక్కల పరీక్ష నాడు ఒకామెను తెచ్చిన్రు, కాన్పు కష్టమైంది, పట్నం తీస్కపోవాలె. నేను అట్ట పట్టుకొని గడపల నిలవడ్డ. నాయిన వచ్చి ఎదురుంగ నిలవడ్డడు. ఏమనలే. 'బిడ్డా' అన్నడు, గంతే. అట్ట లోపట పెట్టి, వచ్చి సీట్ల కూసున్న."

"ఆమె?"

"బతికింది. పిలగాడు సుత బతికిండు. ఎక్కడన్న కలిస్తే నా చెయ్యి పట్టుకొని ఏడ్సేది. ఆమె మీద నాకు కోపం లేదు. నాయిన మీద సుత లేదు, ఆయన మాత్రం ఏం చేస్తడు? మల్ల యేడు రాద్దామంటే మల్ల యేడు గూడ కారుండె గద. తర్వాత పెండ్లి చేసిన్రు." మెర్సీ ఉడుకునీళ్ల గంజు దించింది. "నా కండ్ల ముందల నిన్నగాక మొన్న వచ్చిన పోరి పది పాసైందని టీచరైంది. నేను ఆయాగనే ఉన్న. పంపకాల నాడు ఇంజను పెద్దోనికి, బాడీ సిన్నోనికి, ఆడిపిల్లకు కారెందుకు అన్నరు. గా కారుల నేను కూసున్నంత సేపు మీ ఇద్దరు కలిసి గూడ కూసోలే తమ్మీ. నా జాగా నేనడిగిన. నవ్విన్రు."

జానీకి ఏడుపు ఆగలేదు. యాభై దాటిన మనిషి, కాలేజీ పిల్లలను గదమాయించేవాడు, అక్క వాకిట్లో గొంతుక్కూర్చొని ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాడు. తన జ్ఞాపకాల్లో అన్నిటికంటే తీయటి నిద్ర అక్క మేలుకొని ఉన్నందువల్ల పట్టిందని అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"ఊకో, ఊకో. గల్లీ వాళ్లు సూస్తరు," అని మెర్సీ కొంగుతో అతని మొహం తుడిచింది. "తిన్నవా? తినలేదా?"

తిన్నాక, పోయే ముందు, జానీ గడపలో ఆగాడు. "రేపు నువ్వు రా అక్కా. నీ సీటు నాకియ్యకు. నీ సీట్ల నువ్వే కూసో."

మెర్సీ కాసేపు సీటు వైపు చూసింది. "నేను చెప్పినట్టు పోతవా?"

"ఆగంటే ఆగుత."

"సూస్త," అంది ఆమె.

ఆదివారం జానీ పొద్దు పొడవకముందే బయలుదేరాడు. భువనగిరి దాకా ఒక్క బండిని కూడా దాటలేదు. పాల వ్యాను వెనక కొంత దూరం, బస్సు వెనక కొంత దూరం, అలా వాటి తోక పట్టుకొని వచ్చాడు. గల్లీలోకి కారు వచ్చేసరికి ఇళ్లలో ఉన్నవాళ్లంతా బయటికొచ్చారు. పండుగకు రావడానికి మెర్సీ నీలం అంచు చీర కట్టుకొని, తలకు నూనె రాసుకొని తయారై ఉంది. ఇద్దరూ కలిసి చెక్క చట్రం బోల్టులు విప్పారు. సీటు కింద పీచు రాలింది, ఇనుప స్ప్రింగులు కిర్రుమన్నాయి. కారులో పట్టాల మీద పెట్టి తోస్తే ఒకసారి మొరాయించి, తర్వాత లోపలికి జారి టక్కున కుదిరింది. జానీ నాలుగు మూలలా బిగించాడు. మెర్సీ ప్రతి బోల్టునూ పట్టి ఊపి చూసింది.

ఆమె కూర్చొని తలుపు వేసుకుంది. టప్ అని మెత్తటి చప్పుడు. మెడ కొంచెం కుడికి వాల్చి, మోచేయి కిటికీ మీద పెట్టి, రోడ్డు చివరికి చూసింది. ఆ కూర్చోవడం చూస్తే ఆమె ఎప్పుడూ దిగనే లేదనిపించింది జానీకి.

ఊరు దాటగానే ముందు ఆటో. "ఆగు," అంది మెర్సీ. "బండి వస్తాంది. ఆగు. ఇగ పో." పోయాడు. కళ్లతో చూడకుండా ఒక గొంతును నమ్మి యాక్సిలరేటర్ తొక్కడం ఎంత భయమో అంత ధీమాగా ఉంది. తర్వాత లారీ. "ఆగు. ఆగు. స్కూటరు. పో పో పో!" ఆ పో పో పో అనేటప్పుడు ఆమె గొంతు పదిహేనేళ్ల పిల్ల గొంతైంది. లారీ వెనక్కి పోయింది, ఇంజను పాడింది, జానీ ఈల వేశాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ పిల్లల్లా నవ్వారు.

వలిగొండ దాటాక వరిగడ్డి ట్రాక్టరు తగిలింది. కోతల కాలం కదా, ట్రాలీకి అటూ ఇటూ జానెడు జానెడు బయటికి వచ్చేలా గడ్డి నింపి, నిండు గర్భిణిలా పోతోంది. జానీకి ముందంతా గడ్డే. బానెట్ మీద పోచలు రాలుతున్నాయి.

"ఆగు," అంది మెర్సీ.

ఆగాడు. కాసేపయ్యాక అడిగాడు. "ఇప్పుడు?"

"ఆగు."

మొదటి గేరు, రెండో గేరు, మళ్లీ మొదటి గేరు. ట్రాక్టరు ఒక ఊరు దాటింది, ఇంకో ఊరు దాటింది. జానీ జేబులో ఫోను మోగింది. బండిని పక్కకు తీసి మాట్లాడాడు. పాస్టరు గొంతు వెనక బ్యాండు వినిపిస్తోంది.

"ఎక్కడున్నవ్ జానీ? అందరు వచ్చిన్రు. జెండాలు పట్టుకొని నిలవడ్డరు."

"వస్తున్న అయ్యగారు, తొవ్వల ఉన్న."

"జరసేపు ఆగుతం. నువ్వు రాకపోతే కొత్త అంబులెన్సును ముందల పెడుతం. ఎండల పిల్లలు నిలవడలేరు."

జానీ కారును మళ్లీ రోడ్డెక్కించి ట్రాక్టరును అందుకున్నాడు. ఇన్నేళ్ల కష్టం, కోళ్ల రెట్ట గీకిన చేతులు, జర్మనీ నుంచి తెప్పించిన రబ్బరు ముక్కలు, అన్నీ ఈ ఒక్క పొద్దు కోసమే. నాయిన కారు ముందు నడవాలి, జనం చూడాలి. అంబులెన్సు వెనక నడిస్తే ఇంకేముంది?

"అక్కా, ఇప్పుడన్న?"

"ఆగు."

"బండ్లు గంతగనం వస్తున్నయా?"

మెర్సీ కిటికీలోంచి బయటికి చూస్తోంది. రోడ్డు వైపు కాదు, పక్కకు. కోసిన మళ్ల మీద కొంగలు వాలి ఉన్నాయి. తాటిచెట్ల మీదుగా ఎండ కిందికి దిగుతోంది. దూరంగా మూసీ నీళ్లు మెరుస్తున్నాయి.

"రోడ్డు ఖాళీగనే ఉన్నది తమ్మీ," అంది ఆమె మెల్లగా. "వలిగొండ దాటినప్పటి సంది ఖాళీగనే ఉన్నది."

జానీ ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. "మల్ల చెప్పకపోతివి?"

"ఎన్నడు పోయినా ఉరుకుడే గద. ఎనక ఎవలో ఒకలు మొత్తుకునేటోళ్లు. పాము కరిచినోళ్లు, మందు తాగినోళ్లు, కాన్పు రానోళ్లు. నాయిన 'చెప్పు బిడ్డా, చెప్పు బిడ్డా' అనేటోడు. రోడ్డు మీదికెల్లి కన్ను తీస్తే మనిషి పాణం పోతదని భయం. మల్లొచ్చేటప్పుడు చీకటి. గీ తొవ్వల ఎన్నిసార్లు పోయిన్నో లెక్కలేదు. మూసీ గింత దగ్గరికెల్లి కనవడ్తదని నేనియ్యాలనే సూసిన." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకొని, సీట్లో నిటారుగా సర్దుకుంది. మెడ మళ్లీ కుడికి వాల్చింది. "నాది పాడువడ. నీ పండుగకు యాళ్లయితాంది. ఎవ్వలు వస్తలేరు. పో ఇగ, పో."

జానీ కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. ఇంజను సిద్ధంగా ఉంది. ఇప్పుడు తొక్కితే ట్రాక్టరు వెనక్కి పోతుంది, చిట్యాల వస్తుంది, పెద్ద రోడ్డు వస్తుంది, బ్యాండు ఆగకముందే దవాఖాన గేటు చేరవచ్చు. జేబులో ఫోను మళ్లీ మోగడం మొదలుపెట్టింది. దాన్ని మోగనిచ్చాడు.

"గా దిక్కు ఇంకేమున్నయక్కా?" అని అడిగాడు. "నాకు గిక్కడికెల్లి కనవడ్తలేవు. జర చెప్పు."

మెర్సీ తమ్ముడి మొహం వంక కాసేపు చూసింది. తర్వాత కిటికీ అద్దం పూర్తిగా దించి, "బర్లు నీళ్లల్ల పన్నయి. ఒకామె బట్టలు ఉతుకుతాంది," అంటూ చెప్పసాగింది. జానీ గేరు తగ్గించి, గడ్డి ట్రాక్టరు వెనకనే పోనిచ్చాడు.